నిమిషానికి ఇరవై రెండు బుడగలు

ఫ్రిజ్ మెకానిక్ కొప్పిశెట్టి వీరరాఘవులు మీద కేసు కట్టడానికి మా ఎక్సైజ్ స్టేషన్లో ఎవరూ కష్టపడలేదు. ఆయనే వచ్చి కాగితం రాసిచ్చాడు.

ఆ రోజు బల్ల దగ్గర నేనే ఉన్నాను. నా పేరు పిల్లా సూర్యచంద్రం. హెడ్ కానిస్టేబుల్ని. కడియపుమెరక స్టేషన్లో పద్దెనిమిదేళ్ళుగా రాతపని అంతా నాదే. రాఘవులు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. మా స్టేషన్లోకి చెప్పులు విడిచి వచ్చినవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

"ఇంటి దగ్గర బీరు కాచుకోడానికి పర్మిషన్ కావాలండి. అమ్మడానికి కాదండి, మా ఇంట్లో తాగడానికే" అన్నాడు.

అలాంటి పర్మిషన్ ఒకటుందో లేదో నాకు తెలియదు. లేదని చెప్పే అధికారం కూడా నాకు లేదు. దరఖాస్తు రాసిమ్మన్నాను. ఆయన బల్ల చివర కూర్చుని రాశాడు. నిజాయితీపరుడు కావడంతో చివర్లో, "ప్రస్తుతం ఇరవై లీటర్ల డ్రమ్ము ఒకటి పులుస్తున్నది, తమరు వచ్చి చూడగలరు" అని కూడా రాసి సంతకం పెట్టాడు.

సి.ఐ. దండమూడి విశ్వంభరరావు గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఆయన ఆఫీసు భాష తప్ప మరో భాష మాట్లాడరు. ఇంట్లో కూడా "సదరు కాఫీ ఇంకనూ అందలేదు" అంటారని వాళ్ళావిడే ఒకసారి మా ఆవిడతో చెప్పుకుంది.

"సూర్యచంద్రం, ఇది దరఖాస్తు కాదు. నేరాంగీకార పత్రము. జీపు తీయించు" అన్నారు.

రాఘవులు షెడ్డు బస్టాండు వెనక ఉంది. మేం దిగేసరికి ఆయన కుర్చీలు తుడిచి వేశాడు. వాళ్ళావిడ మంగతాయారు మజ్జిగ తెచ్చిచ్చింది. దరఖాస్తు పెట్టిన గంటలోనే ఆఫీసర్లు పరీక్షించడానికి వచ్చారని ఇద్దరూ సంబరపడుతున్నారు. మేం మజ్జిగ తాగాక సంగతి చెప్పాం.

రాఘవులు తాగుబోతు కాడు. బ్రాందీషాపు బీరు ఆయన నోటికి పట్టదు. రెండేళ్ళ కిందట విశాఖలో ఒక హోటలుకి చల్లబరిచే గొట్టాలు బాగుచెయ్యడానికి వెళ్ళాడు. ఆ హోటల్లో బీరు వాళ్ళే కాచుకుంటారు. అక్కడ పదకొండు రోజులుండి, కాచేవాడి పక్కన నిలబడి మొత్తం నేర్చుకున్నాడు. తిరిగొచ్చి, పాత ఫ్రిజ్ ఒకటి తీసుకుని తలుపుకి కన్నం వేసి ఇత్తడి కుళాయి బిగించాడు. లోపల స్టీలు పీపా పెట్టాడు. దానికి గోలీసోడా కొట్టునుంచి తెచ్చిన గ్యాసు సిలిండరు తగిలించాడు.

"దీన్ని కెగరేటర్ అంటారండి. కుళాయి తిప్పితే చల్లగా, నురగతో గ్లాసులోకి దిగుద్దండి. ఇదే మొదటి కాపు. ఇంకో వారంలో అయిపోద్ది. ఆ పీపాలోకి ఎక్కించి ఒక్క గ్లాసు పట్టుకోవాలని రెండేళ్ళ నుంచీ సరదా అండి" అన్నాడు.

"కెగరేటరో కంగారేటరో, సీజు చేయబడినది" అన్నారు సి.ఐ. గారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మామూలుగా నాటుసారా బట్టీల మీద పడితే పులియబెట్టిన బెల్లపు ఊటను అక్కడికక్కడే పారబోసి వస్తాం. కానీ ఆ నెలలోనే మా హెడ్డాఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఎక్కడో ఊట పారబోసి, కోర్టులో చూపించడానికి ఏమీ లేక కేసు పోగొట్టుకున్నారట. అందుకని, "పట్టుబడిన ప్రతి వస్తువును, తీర్పు వెలువడు పర్యంతము, పట్టుబడిన స్థితిలోనే, ఎట్టి మార్పునకును లోనుకానీయక భద్రపరచవలెను" అని రాశారు.

"స్థితి అంటే సమస్త స్థితి. ఒక్కటీ వదలకు" అన్నారు సి.ఐ. గారు నాతో.

వదల్లేదు. పంచనామాలో డ్రమ్ము రంగు రాశాను, అందులోని బార్లీ కషాయం కొలత రాశాను, వేడి ఇరవై డిగ్రీలని రాశాను. ఫ్రిజ్‌లో ఖాళీ పీపా ఒకటి నాలుగు డిగ్రీల చల్లదనంలో ఉందని రాశాను. డ్రమ్ము మూత మీద నీళ్ళున్న చిన్న గాజుగొట్టం ఉంది. పులిసేటప్పుడు పుట్టే గాలి అందులోంచి గుబుక్కు గుబుక్కున బయటికి వస్తోంది. వాచీ పెట్టుకుని లెక్కపెట్టాను. "నిమిషానికి ఇరవై రెండు బుడగలు వెలువడుచున్నవి" అని రాశాను. నా సర్వీసులో నేను రాసిన పంచనామాలన్నిటిలోకీ అదే గొప్పదని ఆ సాయంత్రం సి.ఐ. గారు అన్నారు.

ఆయన అలా అన్న మూడో రోజున బుడగలు పద్నాలుగుకి పడిపోయాయి.

సరుకంతా స్టేషన్‌కి తెచ్చిన రోజునే రాఘవులుకి స్టేషన్ బెయిలిచ్చి, రోజూ ఉదయం వచ్చి సంతకం పెట్టాలన్నాం. నాలుగో రోజున సంతకం పెట్టి వెళ్ళబోతుంటే సి.ఐ. గారు ఆపారు.

"బుడగలు ఏల తగ్గుచున్నవి?"

"ఆయ్, తగ్గుతాయండి. ఈస్టు తీపినంతా తినేస్తదండి. తీపైపోయాక బుడగలు ఆగిపోతాయి. అప్పుడది బీరయినట్టండి."

"కారాదు. తీర్పు వచ్చే వరకు అది అట్లే యుండవలెను."

"అట్టే ఎలా ఉంటదండీ? పాలల్లో తోడేసి పెరుగవ్వద్దంటే ఎలాగండి?"

సి.ఐ. గారు పంచనామాలో నేను రాసిన లైను మీద వేలు పెట్టి చూపించారు. రాఘవులు చదివాడు. తర్వాత నావైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

చివరికి ఆయనే ఉపాయం చెప్పాడు. రోజు విడిచి రోజు డ్రమ్ములోంచి రెండు లీటర్లు తీసేసి, కొత్తగా కాచిన కషాయం రెండు లీటర్లు పోస్తుంటే ఈస్టుకి తిండి దొరుకుతుంది, బుడగలూ ఆగవు, కొలతా మారదు. దానికి మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ కావాలి, చేదుకి హాప్స్ అనే పువ్వు కావాలి, గంటసేపు కాచడానికి పొయ్యి కావాలి.

మా స్టేషన్ పరిధిలో కాపు సరుకు ఉంచుకోవాలంటే మా స్టేషన్ అనుమతే ఉండాలి. సి.ఐ. గారు తన కుర్చీలో కూర్చుని దరఖాస్తు రాసి, అదే కుర్చీలో కూర్చుని విచారించి, ఎట్టి అభ్యంతరమూ లేదని తేల్చి, మంజూరు చేసుకున్నారు. మొత్తం నలభై నిమిషాలు పట్టింది.

"నాదీ అలాగే అయ్యుంటే బాగుండునండి" అన్నాడు రాఘవులు, ఏ కోపమూ లేకుండా.

ముద్దాయి సాక్ష్యాన్ని ముట్టుకోకూడదని రూలు. అందుకని రాఘవులు స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, నేను చేసేవాణ్ణి. స్టేషన్ వెనక వరండాలో పొయ్యి పెట్టాం. మొదటిరోజు కషాయం పొంగి నా యూనిఫాం మీద పడింది. "మంట తగ్గించండి రైటరు గారూ, కంగారుపడకండి. అది కేసు కాదు, కాపు. తొందరపెడితే చెడిపోద్ది" అన్నాడు. రెండో వారానికి నాకు చెయ్యి తిరిగింది. బార్లీ ఉడుకుతుంటే వచ్చే వాసన బట్టి ఇంకెంతసేపు కాచాలో చెప్పగలిగేవాణ్ణి. ఇంట్లో కాఫీ కలపడం కూడా రానివాణ్ణి.

తీసిన రెండు లీటర్లనూ ఏం చెయ్యాలన్నది ఇంకో చిక్కు. అదీ సీజు చేసిన సరుకే కనుక పారబోయకూడదు. పీపాలో పోద్దామంటే పీపా ఖాళీ అని పంచనామాలో ఉంది. పాలక్యాన్లు తెప్పించి, వాటిలో పోసి, "సాక్ష్యపు మిగులు" అని చీటీ అంటించి సీలు వేశాం.

ఏప్రిల్ వచ్చింది. ఎండ ముదిరింది. డ్రమ్ముకి ఇరవై డిగ్రీలుండాలి. స్టేషన్లో ఏసీ ఉన్నది సి.ఐ. గారి గదిలో ఒక్కచోటే. డ్రమ్మును అక్కడికి చేర్చాం. సాక్ష్యమున్న గదికి సీలుండాలి కనుక ఆ గదికీ సీలు వేశాం. సి.ఐ. గారు బల్లతో సహా వరండాలోకి వచ్చారు. తన గదిలోకి వెళ్ళాలంటే రిజిస్టర్లో వేళ రాసి, కారణం రాసి, నా సంతకం తీసుకోవాలి. ఒకసారి కళ్ళజోడు లోపల మర్చిపోయి, "కారణం: దృష్టి" అని రాశారు. ఫ్రిజ్ మాత్రం లోపల తన ఖాళీ పీపాను నాలుగు డిగ్రీల దగ్గర చల్లగా కాపాడుకుంటోంది. వరండాలో సి.ఐ. గారు ఫైలుతో విసురుకుంటున్నారు.

కానిస్టేబుల్ బులిరాజుకి బుడగలు లెక్కపెట్టే డ్యూటీ వేశాం. గంటకోసారి లెక్కపెట్టి బుడగల రిజిస్టర్లో రాయాలి. ఇరవై రెండు కన్నా తగ్గితే ఒక గరిటె కషాయం పొయ్యాలి, పెరిగితే తడిగుడ్డ చుట్టాలి. బులిరాజు ఇంట్లో అన్నం తింటూ కూడా పెదాలు కదిపేవాడట.

రాఘవులు పొద్దున వచ్చి మధ్యాహ్నం దాకా మాతోనే ఉండిపోయేవాడు. షెడ్డు మూసేసుకోవాల్సి వచ్చింది. దాంతో జనం ఫ్రిజ్‌లను రిక్షాల మీద స్టేషన్‌కే తెచ్చేవాళ్ళు. సారా కేసులో వచ్చినవాళ్ళూ, ఫ్రిజ్ పాడై వచ్చినవాళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు.

ఒకరోజు మంగతాయారు క్యారేజీ తెచ్చి సి.ఐ. గారి ముందు పెట్టింది.

"మా ఆయన మీ దగ్గర ఉద్యోగంలో చేరాడాండీ?"

"ముద్దాయి బెయిలు షరతుల ప్రకారం హాజరగుచున్నాడు."

"మరి రేపు జైలుకే గనక పంపితే, ఆ డ్రమ్ముని కూడా ఆయనతోనే పంపుతారా? లేకపోతే మీకెవరు చెప్తారు?"

సి.ఐ. గారికి ఆ ఆలోచన అంతవరకు రాలేదు. ఆ మధ్యాహ్నం ఆయన భోంచెయ్యలేదు. నాకు మాత్రం వేరే బాధ పట్టుకుంది. నేరం రుజువైతే రాఘవులుకి ఆరు నెలలు తప్పదు. అలాంటి మనిషి స్టూలు మీద కూర్చుని, నేను కాచిన కషాయం రంగు చూసి, "ఈసారి బాగా కుదిరిందండి" అంటుంటే నాకు తల తిప్పుకోవాలనిపించేది.

"నీకు భయం వెయ్యట్లేదా?" అని ఒకసారి అడిగాను.

"వేస్తందండి. మా ఆవిడ ఏడుస్తంది కూడాను" అన్నాడు. మళ్ళీ కషాయం వైపు చూసి, "కానండీ, నన్ను లోపలేసినా అంత బాధలేదు. ఒక్కసారైనా అది పూర్తవ్వాలి. పూర్తవ్వకుండా రుచెలా తెలుస్తదండీ?" అన్నాడు.

మే నెలలో జిల్లా సూపరింటెండెంటు గారు తనిఖీకి వచ్చారు. పొయ్యి చూశారు, బార్లీ బస్తా చూశారు, వరండాలో బెంచీ మీద ఫ్రిజ్ మోటారు విప్పుతున్న ముద్దాయిని చూశారు. ఆయన మొహం ఎర్రబడుతుండగా సి.ఐ. గారు బుడగల రిజిస్టరు ముందు పెట్టారు. సూపరింటెండెంటు గారు పేజీలు తిప్పుతున్నకొద్దీ శాంతించారు. ఎక్కడా కొట్టివేత లేదు.

"అద్భుతం విశ్వంభరరావు గారూ! మన శాఖలో సాక్ష్య సంరక్షణకు ఇంతటి శాస్త్రీయ దృక్పథమును నేను చూచి యుండలేదు."

ఆ వారంలోనే జిల్లాలోని స్టేషన్లన్నిటికీ ఉత్తర్వు వెళ్ళింది. ప్రతి స్టేషనూ బుడగల రిజిస్టరు పెట్టాలి. డ్రమ్ములు లేని స్టేషన్లు గంటకోసారి "బుడగలు లేవు" అని రాసి, వారానికోసారి నివేదిక పంపాలి. మొదటివారం నివేదికలు ఇవ్వని ఇద్దరు ఇన్స్పెక్టర్లకు మెమోలు కూడా వెళ్ళాయి.

జులైలో కేసు విచారణకి వచ్చింది.

సీజు చేసిన సరుకు మొత్తం హాజరు పరచాలి కనుక డ్రమ్మును జీపులో, ఫ్రిజ్‌నూ ఏడు పాలక్యాన్లనూ వెనక లారీలో తెచ్చాం. గతుకుల రోడ్డు మీద డ్రమ్ము కుదుపులు తిని, కోర్టు హాల్లోకి చేరేసరికి బుడగలు నిమిషానికి యాభై దాటాయి. మేజిస్ట్రేటు ఇందుమతి గారు తక్కువ మాట్లాడే మనిషి. డ్రమ్ము నెమ్మదించేదాకా వేరే కేసులు చూశారు. ఒక భూతగాదాలో వాదనలు నడుస్తున్నంతసేపూ మధ్యమధ్యలో గుబుక్కు, గుబుక్కు అని వినిపిస్తూనే ఉంది.

చివరికి ఆవిడే వాచీ చూసుకుంటూ లెక్కపెట్టారు.

"ఇరవై రెండు" అన్నారు.

సి.ఐ. గారి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మేజిస్ట్రేటు గారు ప్రభుత్వ రసాయన పరీక్షకుడి వైపు తిరిగారు. "ఇది బీరేనా?"

"కాదండి. పులుస్తున్న బార్లీ కషాయం. పులియడం పూర్తయితే బీరవుతుంది."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"పది పన్నెండు రోజులండి."

"సీజు చేసి నాలుగు నెలలైంది."

సి.ఐ. గారు లేచి నిలబడ్డారు. "పూర్తి కానీయక అహర్నిశలు కాపాడితిమి, మేడమ్."

మేజిస్ట్రేటు గారు పెన్ను కింద పెట్టి ఆయన వైపు తిరిగారు. "బీరు తయారు చేశాడని కేసు పెట్టారు. తయారు కాకుండా మీరే నాలుగు నెలలు అడ్డుపడ్డారు. తయారు కాని బీరుకి నేను శిక్ష వెయ్యలేను. కేసు కొట్టేస్తున్నాను."

వెనక బెంచీలో మంగతాయారు కొంగుతో కళ్ళొత్తుకుంది. రాఘవులు రెండు చేతులూ జోడించాడు. కథ అక్కడితో అయిపోయి ఉంటే మా అందరికీ బాగుండేది. కానీ మేజిస్ట్రేటు గారు బుడగల రిజిస్టరు తిరగేస్తున్నారు.

"రోజు విడిచి రోజు రెండు లీటర్లు బయటికి తీశారు. అవెక్కడ?"

"ఆ ఏడు క్యాన్లలో భద్రముగా యున్నవి, మేడమ్. సీలు సహితముగా."

"వాటిలో పులియడం పూర్తయి ఉంటుందా?" అని పరీక్షకుణ్ణి అడిగారు.

"మొదటి క్యాన్లలోదైతే ఎప్పుడో పూర్తయి ఉంటుందండి."

"అంటే అది బీరు."

డ్రమ్ము ఒక్కటే గుబుక్కుమంది.

"కాచింది ఎవరు?" అని ఆవిడ పేజీ దగ్గరగా పెట్టుకుని చూశారు. "ప్రతిసారీ 'కాచినవారు' అన్నచోట పి. సూర్యచంద్రం అని సంతకం ఉంది. 'పర్యవేక్షణ' అన్నచోట సి.ఐ. గారిది."

సి.ఐ. గారు ఏదో అనబోయారు. జీవితంలో మొదటిసారి ఆయనకి "సదరు" అన్న మాట కూడా నోటికి రాలేదు.

"ల్యాబుకి పంపితే రిపోర్టుకి ఇంకో నెల పడుతుంది" అని మేజిస్ట్రేటు గారు రాఘవులు వైపు చూశారు. "ఈ పని తెలిసినవారు మీరొక్కరే కనిపిస్తున్నారు. అది బీరో కాదో చెప్పగలరా?"

రాఘవులు మమ్మల్ని చూశాడు. నాలుగు నెలలు షెడ్డు మూసుకున్న మనిషి. మజ్జిగ ఇచ్చి కేసు పెట్టించుకున్న మనిషి. ఒక్క మాటంటే చాలు, రేపట్నుంచి రోజూ సంతకాలు పెట్టేది మేమే.

"రుచి చూడకుండా చెప్పలేనండి" అన్నాడు.

మొదటి క్యాను సీలు విప్పారు. మంచినీళ్ళ కుండ దగ్గరున్న స్టీలు గ్లాసు కడిగి తెచ్చి, అందులో పోసి ఇచ్చారు. తేనె రంగులో ఉంది. పైన వేలెడు నురగ. రాఘవులు ముందు వాసన చూశాడు. చిన్న గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. తెరవలేదు. ఇంకో గుక్క తాగాడు. తర్వాత మెల్లగా, ఎక్కడా ఆగకుండా, గ్లాసు మొత్తం తాగాడు. ఆయన గొంతు కదలడం తప్ప హాల్లో ఇంకేం కదల్లేదు. గ్లాసు కింద పెట్టేసరికి కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"బీరు కాదండి, వెనిగరు. మూతల్లోంచి గాలి దూరి పులిసిపోయిందండి. పచ్చళ్ళకి పనికొస్తది" అన్నాడు.

"మరి ఆ గ్లాసు అంతా తాగారెందుకు?"

"మొత్తం తాగితేగానీ రూఢి చేసుకోలేకపోయానండి."

మేజిస్ట్రేటు గారు ఆయన మీసాల మీది నురగ చూశారు. "వెనిగరుకి నురగొస్తుందా?"

"మంచి వెనిగరుకి వస్తదండి."

ఆవిడ పరీక్షకుణ్ణి చూశారు. ఆయన వంగి క్యాను వాసన చూశాడు, సి.ఐ. గారి మొహం చూశాడు, నన్ను చూశాడు. "సదరు పదార్థము ఆహార వస్తువుల కోవలోనిది. మా శాఖ పరిధిలోకి రాదండి" అన్నాడు.

మేజిస్ట్రేటు గారు చాలాసేపు ఏదో రాశారు. రాస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. డ్రమ్ము, ఫ్రిజ్, ఏడు క్యాన్ల వెనిగరు వెంటనే వీరరాఘవులుకి అప్పగించమని ఉత్తర్వు.

బయట లారీకి ఎక్కిస్తుంటే మంగతాయారు మొగుడి చెయ్యి పట్టుకుని ఆపింది. "నిజం చెప్పు. వెనిగరేనా?"

రాఘవులు నా వైపు తిరిగాడు.

"చేదు రవ్వంత తక్కువైంది రైటరు గారూ. ఈసారి పువ్వు ఇంకో గుప్పెడు వెయ్యండి. కానీ మీ చెయ్యి మంచిదండి. విశాఖలో కూడా ఇలాంటిది తాగలేదు."

పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నా చేతిరాతని మెచ్చుకున్నవాళ్ళున్నారు. చేతిని మెచ్చుకున్నవాళ్ళు లేరు. తాళ్ళు కట్టడానికి సాయం పట్టాను.

అప్పటిదాకా జీపు దగ్గర నిలబడి ఉన్న సి.ఐ. గారు మెల్లగా లారీ దగ్గరికి వచ్చారు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. అటూ ఇటూ చూశారు. ఆయన మామూలు భాషలో మాట్లాడటం నేను మొదటిసారి విన్నది అప్పుడే.

"రాఘవులు గారూ, ఆ వెనిగరు ఒక క్యాను మా ఇంటికి పంపిస్తారేంటి? మా ఆవిడ పచ్చడి పెడదామంటోంది."

"దానికేముందండీ, అలాగే. ఏం పచ్చడండీ? కాయని బట్టి పులుపు చూసి పంపుతాను."

సి.ఐ. గారు ఆలోచించారు. ఆయనకి ఏ కాయా తట్టలేదు.

"ఏ పచ్చడైతేనేంటయ్యా" అన్నారు చివరికి. "చల్లగా ఉంటే చాలు."